బలిమెల నీళ్ల మీద కాపురం: డ్రమ్ముల తెప్పా, క్యూబులా, పడవా?

ఒడిశాలోని బలిమెల జలాశయంలో, చిత్రకొండ వైపు, చేపల వలల దగ్గర రాత్రింబవళ్లు ఉండటానికి ఈ మూడు రకాల తేలే ఇళ్లూ వాడాం. ఆరేళ్ల వాడకం తర్వాత మా ఓటు డ్రమ్ముల తెప్పకే. స్తంభాల ఇల్లు ఇక్కడ పనికిరాదు. జలాశయం నిండు మట్టం సముద్రమట్టానికి 1516 అడుగుల ఎత్తు. కరెంటు కోసం నీళ్లు వదిలేకొద్దీ ఎండాకాలానికి ఆ స్తంభాలు బురదలో నిలబడతాయి.

12×16 అడుగుల గది, వెదురు తడికలు, రేకు కప్పు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1300 కిలోల దాకా తూగుతుంది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తన బరువు పోను 190 కిలోలు మోస్తుంది. లెక్కకు ఏడు చాలు, వేయాల్సింది మాత్రం 16. వల లాగేటప్పుడు అందరూ ఒకే మూలకు చేరతారు మరి.

డ్రమ్ము అసలు జబ్బు బిరడా దగ్గరే. పగటి ఎండకు లోపలి గాలి ఉబ్బి సందులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అదే సందులోంచి నీళ్లు పీలుస్తుంది. చిల్లు లేని డ్రమ్ము కూడా ఇలాగే బరువెక్కుతుంది. వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు వేసి, డ్రమ్మును పడుకోబెట్టి రెండు బిరడాలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా తిప్పి కట్టాలి. 16 ఉంటే డ్రమ్ము సగంకన్నా తక్కువే మునుగుతుంది, బిరడాలు నీటిపైనే ఉంటాయి. ఇనప డ్రమ్ములు చవకే గానీ నీటిగీత దగ్గర తుప్పు తినేస్తుంది.

ప్లాస్టిక్ క్యూబులంటే పిన్నులతో ఒకదానికొకటి తగిలించే బోలు పెట్టెలు. 50 సెంటీమీటర్లవి చదరపు మీటరుకు నాలుగు, ఈ గదికి 72. నడవటానికి హాయి. అలలకు పిన్నులు సడలి తడికల కట్లు ఊడుతుంటాయి. ధర అడిగితే కళ్లు తిరుగుతాయి.

కేరళ కెట్టువళ్ళం చూసి పడవ ఇల్లు కావాలనుకునేవాళ్లు ఒక్కటి గమనించాలి. ఇక్కడ నీరు తగ్గి పడవ ఒడ్డున ఆగితే చెక్క ఎండి సందులు విచ్చుకుంటాయి. మళ్లీ పీచు కుక్కి గుగ్గిలం పూయాలి. ఇంకో ముప్పు, వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున మడుగులా నిలుస్తుంది. తెప్ప మీదైతే పలకల సందుల్లోంచి జారిపోతుంది. ఎక్కడైనా సిలిండరు గది బయటే ఉండాలి.

ఇక లంగరు. 100 కిలోల కాంక్రీటు దిమ్మ నీళ్లలో 60 కిలోలకు మించి తూగదు, అందుకే ఎదురెదురు మూలలకు రెండేసి దిమ్మలు. వానాకాలం నీరు ఎక్కుతుంటే వారానికి రెండుసార్లు తాడు వదలాలి. మరిస్తే బిగిసిన తాడు ఆ మూలను కిందికి గుంజుతుంది, అటువైపు బిరడాలు నీళ్లలోకి దిగుతాయి.