డబుల్ లాన్యార్డ్ ఫుల్ బాడీ హార్నెస్, ఏళ్ల తరబడి వాడాక

స్కాఫోల్డింగ్ మీద పని కాబట్టి, భుజాలకీ ఛాతీకీ తొడలకీ పట్టీలతో బిగించుకుని పడితే పట్టి ఆపే ఈ హార్నెస్ రోజూ ఒంటి మీద ఉండేదే. దీని వీపు రింగుకి కట్టిన, హుక్కులున్న రెండు పాయల తాడే లాన్యార్డ్. దీంట్లో అసలు గొప్పతనం రెండు హుక్కులు, ఒకటి ముందు పైపుకి తగిలించి హుక్ మూత (గేట్) టక్ మని పడ్డాకే రెండోది తీస్తాం కాబట్టి పక్కకి జరిగేటప్పుడు కూడా ఏదో ఒకటి పట్టుకునే ఉంటుంది. ఒక్క తాడే ఉంటే విప్పి తగిలించే ఆ గ్యాప్‌లో ఆధారమే ఉండదు. పాత నడుం బెల్టు అయితే అస్సలు వద్దు, పడితే జెర్క్ అంతా నడుముకీ పొట్టకీ తగులుతుంది.

చాలామంది చూడనిది కింద ఎంత ఖాళీ ఉందన్నది. తాడుకి ఉండే షాక్ అబ్జార్బర్ లోపల మడిచి కుట్టిన పట్టీ ఉంటుంది, పడినప్పుడు అది కుట్లు తెగుతూ సాగి జెర్క్ తగ్గిస్తుంది. తాడు 2 మీటర్లు, సాగేది 1.75 దాకా, వీపు రింగ్ నుంచి పాదాలకి 1.5, పైన ఇంకో మీటరు మార్జిన్, అన్నీ కలిపితే హుక్ పెట్టిన చోటు నుంచి కిందకి 6.25 మీటర్లు. మొదటి అంతస్తు స్లాబ్ అంచులో కాళ్ల దగ్గర హుక్ పెడితే హార్నెస్ పట్టుకునేలోపే నేల తగులుతుంది! అక్కడ ముందు రెయిలింగ్ కట్టించండి, కుదరకపోతే తల పైన రిట్రాక్టబుల్ బ్లాక్ (తాడుని తనలోకి చుట్టుకుంటూ, పడగానే లాక్ అయ్యే పెట్టె) పెట్టించండి. ఎక్కడైనా సరే హుక్ ఎంత పైన పెడితే అంత తక్కువ పడతాం.

ఇంకోటి, ఖాళీగా ఉన్న హుక్‌ని నడుం పక్క రింగుకి తగిలించేస్తుంటారు, అలా చేస్తే పడినప్పుడు అబ్జార్బర్ పని చెయ్యకపోవచ్చు, దానికోసం ఛాతీ పట్టీ మీద లాగితే ఊడొచ్చే చిన్న హోల్డర్ ఇస్తారు, అదే వాడండి.

మా దగ్గర ఒకతను ప్లాంక్ (నిలబడే పలక) జారి వేలాడాడు. హార్నెస్ కాపాడింది కానీ నిచ్చెన తెచ్చి దించేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాడు. అలా కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోనే ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే ఎలా దించాలో పని మొదలవ్వకముందే అనుకుని ఉండాలి, పాదాలు ఆనించుకునే రిలీఫ్ స్ట్రాప్ కూడా కొనుక్కోండి. ఆ హార్నెస్, లాన్యార్డ్ రెండూ మళ్లీ ఎవరికీ ఇవ్వకుండా కోసి పడేశాం.

నచ్చనివి కూడా ఉన్నాయి. సిమెంట్ పాలు ఎండి గేట్ స్ప్రింగ్ బిగుసుకుపోతుంది, వెల్డింగ్ నిప్పురవ్వ పడితే పట్టీకి చిల్లే, అందుకే రోజూ వేసుకునే ముందు పట్టీని వంచి వేళ్లతో తడిమి చూస్తా. తొడ దగ్గర మెత్త లేని మోడల్ మాత్రం తీసుకోకండి, మధ్యాహ్నానికి ఒరుసుకుపోయి కుర్రాళ్లు పట్టీలు వదులు చేసేస్తున్నారు.