లెక్కల క్లాసులో ప్లికర్స్: మెచ్చుకుంటూనే కొన్ని మాటలు

ప్లికర్స్ అంటే ఆప్షన్లున్న ప్రశ్నకు క్లాసంతటి జవాబులు ఒకేసారి తీసుకునే యాప్. పిల్లల చేతికి ఫోన్లు అక్కర్లేదు, తమ జవాబు పైకి వచ్చేట్టు కాగితం కార్డు తిప్పి పట్టుకుంటే చాలు, సారు ఫోన్ కెమెరా చదివేస్తుంది. ఇంతమటుకు వాడినవాళ్లందరికీ తెలిసిందే. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే: ఎవరు ఏ తప్పు చేశారో పీరియడ్ అయిపోకముందే తెలిసిపోతుంది.

దేవరకొండ వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఏడో తరగతిలో ఒకరోజు 0.35, 0.8లలో ఏది పెద్దదని అడిగితే సగానికి పైగా కార్డులు 0.35 వైపే తిరిగాయి. ఎప్పుడూ ఫస్ట్ వచ్చే పిల్లవాడిది కూడా. ముప్పై ఐదు ఎనిమిది కన్నా పెద్దదే కదా అని వాళ్ల లెక్క. వెనక బెంచీలో ఎన్నడూ నోరు విప్పని తండా పిల్ల సరిగ్గా చూపింది. ఎట్లా అంటే, "రూపాయిల చూస్తే ఇది ఎనభై పైసలు సార్, అది ముప్పై ఐదే" అంది. ఆ రోజు పాఠం ఆ పిల్లే చెప్పింది. అదే స్లిప్ టెస్టయితే, పేపర్లు దిద్ది ఇచ్చేసరికి ఆ యూనిట్ దాటిపోయేవాళ్లం. అయితే పిల్లలు నిజంగా చేసే తప్పులనే ఆప్షన్లుగా పెట్టాలి, దానికి ముందురోజు మనమే కూర్చోవాలి.

కార్డులు నలిగిపోతున్నాయని లామినేషన్ చేయిస్తే కథ అడ్డం తిరిగింది. కిటికీ పక్క వరసలో వెలుగుకు అవి మెరిసిపోయి కెమెరాకు ఒక్కటీ అందలేదు. చివరికి మామూలు ప్రింట్లు తీసి పాత పెళ్లికార్డుల వెనక అతికించాం, ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. కెమెరా చదివేది కార్డు మీది నల్ల గడులనే, వాటి మీద వేలు పెట్టొద్దని మాత్రం రోజూ చెప్పాల్సిందే.

దీంతో కాపీ కుదరదని మొదట్లో స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పాను. ఒక్కో కార్డు గడులు ఒక్కో తీరుగా ఉండేది నిజమే గాని, బెంచీ కింద వేళ్లతో సైగలు చేసుకుంటే కార్డు ఏం ఆపుతుంది? ఎవరికి ఎంత శాతం వచ్చిందో పిల్లలకు చూపించడం కూడా మానేశాను. మార్కు లేకుండా వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారని, మార్కు జోడిస్తే ఆ లాభం పోయిందని 1988లో విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ చేసిన పరిశోధనలో తేలింది. మా క్లాసులోనూ "ఎంత వచ్చింది సార్" తప్ప ఇంకో మాట వినపడేది కాదు.

తప్పు ఎందుకు చేశారో తెలియాలంటే నోట్‌బుక్కులు తిరగెయ్యాల్సిందే. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకు దీన్ని లెక్కలోకి తీసుకోను. మా క్లాసులో ముప్పై మంది లోపే, సిగ్నల్ కిటికీ దగ్గరైనా దొరుకుతుంది, డేటా ఖర్చు నాదే. అరవై మంది ఉన్న చోట ఎట్లా ఉంటుందో అక్కడి సార్లే చెప్పాలి. వ్యాసాలకు దీంతో ఏం పని అంటారు మా తెలుగు పండిట్, కాదనలేను. దశాంశాలు, భిన్నాలు చెప్పే నెలల్లో మాత్రం ఈ కార్డులు నా బ్యాగులో ఉంటాయి.