పాత ల్యాప్‌టాప్‌పై నెట్‌బీఎస్‌డీ 10: యూజర్‌కాన్ఫ్ ఉంటే కెర్నల్ పానిక్‌కి దారి దొరుకుతుంది

పెంటియమ్ 3 ల్యాప్‌టాప్‌లో ఏడాదికి పైగా వాడాక నెట్‌బీఎస్‌డీ అనే యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది బూట్ ప్రాంప్ట్ వెనక ఉన్న యూజర్‌కాన్ఫ్, అంటే కెర్నల్ లేచేముందు ఏ డ్రైవర్ నడవాలో చెప్పుకునే సదుపాయం. దానికోసమే ఈ సిస్టమ్‌ని వదలబుద్ధి కాదు.

9 నుంచి 10కి మారగానే కెర్నల్ పానిక్, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నలే కుప్పకూలడం. తెరమీద చివరి వరస పీసీ కార్డ్ స్లాట్‌ని నడిపే కార్డ్‌బస్ బ్రిడ్జ్ ‘సీబీబీ0’ది, వెంటనే పేజ్ ఫాల్ట్ అనే మెమరీ తప్పు, రీబూట్, మళ్లీ అదే. ప్రతిసారీ ఒకే చోట పడిపోతే డ్రైవర్‌నో బయోస్‌నో అనుమానించాలి. ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంటే ముందు ర్యామ్, పవర్ సప్లై చూడాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపాలి. ఇక్కడ చోటు మారలేదు. ‘బూట్ -2’ అని ఏసీపీఐని (పవర్, బ్యాటరీ వ్యవహారాలు చూసే ఏర్పాటు) ఆపేస్తే లేచింది. కానీ షట్‌డౌన్ చేసినా పవర్ ఆగలేదు, బ్యాటరీ వివరాలూ పోయాయి.

అసలు మందు ‘బూట్ -సీ’. పరికరాలను వెతకడం మొదలుపెట్టకముందే కెర్నల్ ఆగి ‘యూసీ>’ అని అడుగుతుంది. అక్కడ ‘డిసేబుల్ సీబీబీ*’ అని ఆ డ్రైవర్‌ని ఆపి, తర్వాత ‘క్విట్’. అంతే, ఏసీపీఐతో సహా మిగతావన్నీ లేచాయి. శాశ్వతంగా ఉండాలంటే బూట్.సీఎఫ్‌జీ ఫైల్లో ‘యూజర్‌కాన్ఫ్=డిసేబుల్ సీబీబీ*’ అని ఒక్క వరస చాలు. కెర్నల్ కంపైల్ చేయనక్కర్లేదు. ఈ వేగం యంత్రంలో అది గంటల తరబడి పని.

అయితే డ్రైవర్‌ని ఆపడమంటే పీసీ కార్డ్ స్లాట్‌ని వదులుకోవడమే. పడిపోయేది డిస్క్ కంట్రోలర్ డ్రైవరే అయితే ఈ ఉపాయం పనికిరాదు, దాన్ని ఆపితే సిస్టమ్ ఉన్న రూట్ డిస్కే దొరకదు. అప్పుడు ‘బూట్ ఓనెట్‌బీఎస్‌డీ’ అని పాత కెర్నల్‌కి వెళ్లాల్సిందే. అది డిస్క్‌లో ఉండాలంటే అప్‌గ్రేడ్ వరస తప్పకూడదు: పాత కెర్నల్‌ని ఆ పేరుతో దాచి, కొత్త కెర్నల్‌నీ దాని మాడ్యూళ్లనీ (విడిగా లోడయ్యే కెర్నల్ భాగాలు) పెట్టి రీబూట్ చేసి, అది నిలిచాకే మిగతా సెట్లు, అంటే సిస్టమ్ ప్రోగ్రాములున్న ఆర్కైవ్‌లు, విప్పాలి. కొత్త కెర్నల్ పాత ప్రోగ్రాములను నడుపుతుంది. కొత్త ప్రోగ్రాములు మాత్రం పాత కెర్నల్ మీద ‘బ్యాడ్ సిస్టమ్ కాల్’ అని ఆగిపోవచ్చు, ఆదేశాలు తీసుకునే షెల్ కూడా.

ఈథర్నెట్ మదర్‌బోర్డు మీదే ఉంది కాబట్టి నాకు లోటు తెలియలేదు. నెట్‌వర్క్ అంతా పీసీ కార్డు మీదే నడుస్తుంటే ‘-2’తో సర్దుకోవడం మేలు, పవర్ బటన్ చేత్తో నొక్కడం పెద్ద కష్టమేం కాదు.