పాతకాలపు తోలు ఫుట్‌బాల్: తడిపి చూస్తే గానీ తెలియలేదు

ధర 65 పౌండ్లు, తపాలా ఖర్చు అదనం. పద్దెనిమిది తోలు ముక్కలను చేత్తో కుట్టి, చీలిక దగ్గర తోలుతాడుతో బిగించిన గోధుమరంగు బంతి. 1950ల నాటి నమూనా అని అమ్మినవారి మాట. నేనుండేది ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో. ఇక్కడ ఉంటూ ఈ ఊరి జట్టుకు ఆడిన పాతతరం ఫుట్‌బాల్ వీరుడు నాట్ లాఫ్ట్‌హౌస్ పేరు వినలేదంటే భద్రాచలంలో ఉంటూ రామదాసు ఎవరని అడిగినట్టే. ఆయన గుర్తుగా అలమారాలో పెట్టుకుందామనే కొన్నాను. పెట్టె విప్పగానే కొత్త కిర్రుచెప్పుల వాసన గుప్పుమంది. ఇక అలమారా ఊసెత్తలేదు.

ముందు వంటింటి తక్కెడ మీద పెట్టాను. 432 గ్రాములు. అప్పటి నిబంధన ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు బంతి 14 నుంచి 16 ఔన్సులు ఉండాలి. ఇప్పటి బంతి బరువూ ఇంచుమించు అంతే. అంటే పాత బంతులు ఇనపగుండ్లని చెప్పేవాళ్లు సగం కథే చెబుతున్నారు. మిగతా సగం కోసం అరగంట సేపు బకెట్టు నీళ్లలో ముంచి, మళ్లీ తూచాను. 575! ‘నీరు అంటదు’ అని కరపత్రంలో రాసినవారికి మా లాంకషైర్ వాన ఎలా ఉంటుందో తెలియదనుకుంటాను.

పార్కులో పక్కింటి కుర్రాడు మూల నుంచి ఎత్తి కొట్టాడు. నేను ఎగిరి తలతో కొట్టాను. ఒక్కసారే. సరిగ్గా తాడు ఉన్న వైపే తగిలింది. కళ్ల ముందు కాసేపు మిణుగురులు. ఇంటికి వస్తే నుదుటి మీద అడ్డంగా మూడు ఎర్ర గీతలు చూసి మా ఆవిడ, “ఇవాళ శివరాత్రి కాదే!” అంది.

లాఫ్ట్‌హౌస్ ఇలాంటి బంతితోనే బతికాడు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, పద్నాలుగేళ్ల వయసులో మా ఊరి క్లబ్బు బోల్టన్ వాండరర్స్‌లో చేరాడు. యుద్ధకాలంలో ఆయన్ను సైన్యానికి బదులు బొగ్గుగనికి పంపారు. శనివారం తెల్లవారుజామున మూడున్నరకు లేచి, ట్రాము ఎక్కి, గనిలో బొగ్గు తొట్లు తోసి, అక్కడి నుంచే మ్యాచ్‌కు వెళ్లేవాడు. సరిగ్గా ఆడకపోతే సోమవారం గనిలో తోటి కూలీలు వదిలిపెట్టేవారు కాదు. నాకు రాత్రి డ్యూటీ మర్నాడు మెట్లెక్కడమే గగనం.

ఆట మానేదాకా ఆ ఒక్క క్లబ్బే. లీగ్‌లో 452 మ్యాచ్‌లు, 255 గోల్స్. ఇంగ్లండ్‌కు 33 మ్యాచ్‌లలో 30. వాటిలో జనం చెప్పుకునేది 1952 మే 25న వియన్నాలో కొట్టిన గోల్. ఆస్ట్రియాతో స్కోరు 2-2, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట ఉంది. టామ్ ఫినీ అందించిన బంతితో దాదాపు సగం మైదానం ఒంటరిగా పరిగెత్తాడు. అప్పటికే ముఖం మీద మోచేతి దెబ్బ తిని ఉన్నాడు. ఎదురొచ్చిన గోల్‌కీపర్‌ను ఢీకొని స్పృహ తప్పాడు. బంతి గోల్లోకి వెళ్లడం ఆయన చూడనే లేదు. లేచి మళ్లీ ఆడాడు. ‘వియన్నా సింహం’ అన్న పేరు అప్పుడు వచ్చిందే. 1953 ఎఫ్‌ఏ కప్పు (ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ) ఫైనల్లో గోల్ కొట్టినా బ్లాక్‌పూల్ చేతిలో 4-3తో ఓటమి తప్పలేదు. 1958 ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ మీద గెలిచినప్పుడు రెండు గోల్సూ ఆయనవే. రెండోసారి కీపర్ హ్యారీ గ్రెగ్‌ను బంతితో సహా భుజంతో గోల్లోకి నెట్టేశాడు. అది తప్పేనని తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఈ ఊరి అభిమాని ఎవరైనా ఎదురైతే ఆ సంగతి మాత్రం ఎత్తకండి!

ఆయన ఆడిన బర్న్‌డెన్ పార్కు మైదానం ఇప్పుడు లేదు. ఆ చోట సూపర్‌మార్కెట్ వచ్చింది. మేం వంకాయలు కొనేది అక్కడే.

బంతి సంగతికొస్తే, కుట్టు గట్టిది, గుండ్రదనం బాగుంది. గాలి పంపు సూది మాత్రం ఇవ్వలేదు. రెండో వారంలోనే తాడు తెగింది. రాస్తే నాలుగు రోజులకు జవాబిచ్చి, కొత్త తాడు ఉచితంగా పంపారు. తడిసిన బంతిని హీటరు పక్కన ఆరబెడితే తోలు అప్పడంలా బిగుసుకుంటుంది. నీడలో ఆరనిచ్చి, మా తాతయ్య చెప్పులకు పట్టించినట్టు కాస్త ఆముదం పట్టించాను. వాళ్లు చెప్పిన మైనం కంటే అదే బాగా పనిచేసింది.

పిల్లలకైతే కొనకండి. ఇలాంటి బంతులను ఏళ్ల తరబడి తలతో కొట్టిన ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ ఆస్టిల్ 2002లో చనిపోయినప్పుడు, కారణం వృత్తి వల్ల వచ్చిన జబ్బేనని విచారణాధికారి తేల్చారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో చిన్న పిల్లలకు శిక్షణలో తలతో కొట్టడం నేర్పించకూడదని నియమం ఉంది. మా వాడికి తొమ్మిదేళ్లు. కాలితో తన్నుకోమని ఇస్తే రెండుసార్లు తన్ని, వేళ్లు నొప్పి పుడుతున్నాయంటూ తన ప్లాస్టిక్ బంతి తీసుకుని పోయాడు.

ఐదుకు మూడున్నర చుక్కలు ఇస్తాను. సూది ఇచ్చి ఉంటే నాలుగు. ఆముదం వాసన పోయేదాకా బంతి గ్యారేజీలోనే ఉండాలని ఇంట్లో తీర్పు.