సర్వర్ కనిపించకపోతే: డిస్కవరీని బాగుచేయాలా, ఐపీతో నేరుగా వెళ్లాలా?

ఇంట్లో ఫైల్ సర్వర్ నడుస్తూనే ఉంటుంది, విండోస్ 'నెట్‌వర్క్' ఫోల్డర్‌లో మాత్రం దాని జాడ ఉండదు. ముందుగా అడ్రస్ బార్‌లో \\192.168.1.20 అని (మీ సర్వర్ ఐపీ ఏదైతే అది) కొట్టి చూడండి. ఫైళ్లు తెరుచుకుంటే సాంబా (లినక్స్ సర్వర్ నుంచి విండోస్‌కి ఫైళ్లు పంచే ప్రోగ్రామ్), అది వాడే 445 పోర్టు బాగున్నట్టే. నెట్‌వర్క్‌లో సర్వర్ పేరు చాటే ఏర్పాటు, అంటే డిస్కవరీ, ఒక్కటే పనిచేయడం లేదు.

ఐపీ దారి తేలిక. రౌటర్‌లో సర్వర్‌కి డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టి, షేర్‌ని డ్రైవ్‌గా మ్యాప్ చేస్తే సరి. కాకపోతే ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా చేసుకోవాలి.

డిస్కవరీని బాగుచేయడంలోనే తలనొప్పంతా. కంప్యూటర్ల పేర్లు చూపే పాత పద్ధతి నెట్‌బయోస్ బ్రౌజింగ్‌కి ఎస్ఎంబీ1 (విండోస్ ఫైళ్లు పంచే పద్ధతిలో పాత వెర్షన్) కావాలి. 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని పక్కకి తప్పిస్తూ వచ్చింది. మళ్లీ ఆన్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, దయచేసి వినకండి. భద్రత గాలికి పోతుంది. దాని బదులు లినక్స్ సర్వర్‌లో డబ్ల్యూఎస్‌డీడీ (wsdd, సర్వర్ పేరుని విండోస్‌కి చాటే చిన్న ప్రోగ్రామ్) వేసి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 3702, టీసీపీ 5357 తెరవండి. మ్యాక్‌ల కోసమైతే అదే పని చేసే అవాహీ వేసి, యూడీపీ 5353 తెరవండి. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్'కి మార్చండి, చాలాసార్లు అసలు దొంగ అదే.

సర్వర్ వేరే వీల్యాన్‌లో (అదే ఇంట్లో విడదీసిన మరో నెట్‌వర్క్‌లో) ఉంటే మల్టీకాస్ట్ (డిస్కవరీ అందరికీ ఒకేసారి పంపే సందేశాలు) మామూలుగా అక్కడికి దాటదు, ఐపీ మాత్రం రౌటర్ అనుమతిస్తే దాటుతుంది. గెస్ట్ వైఫైలో ఐసొలేషన్ (మిగతా పరికరాలని చేరకుండా ఆపే సెట్టింగ్) ఉంటే రెండూ పనిచేయవు.

ఒకటి రెండు కంప్యూటర్లే అయితే నా ఓటు ఐపీకే. కొత్త ల్యాప్‌టాప్‌లు వస్తూ పోతూ ఉండే ఇంట్లో డిస్కవరీకి ఒక సాయంత్రం కేటాయించినా నష్టం లేదు.