డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో మార్కెట్ యార్డు ధరలు: ఉచితమే కానీ, చూసి వాడాలి

2012లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో యార్డుల రోజువారీ ధరల పట్టిక పరిశోధకులకు నిజంగా పనికొస్తుంది. నమూనా ఏపీఐ కీతో (ప్రోగ్రాం ద్వారా డేటా తెచ్చుకోవడానికి ఇచ్చే కోడ్) 10 వరుసలే వస్తాయి. ఖాతా తెరిచి సొంత కీ తీసుకోండి. ధరలు క్వింటాలుకు. మోడల్ ధరంటే సగటు కాదు, ఎక్కువ సరుకు పలికిన ధర. ఎంత సరుకు వచ్చిందో ఇందులో ఉండదు, పెద్ద లోటే.

అసలు తలనొప్పి జిల్లాలతో. తెలంగాణలో 2016లో 10 కాస్తా 31 అయ్యాయి, 2019లో 33; ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 నుంచి 26. పాత వరంగల్, ఇప్పటి వరంగల్ ఒకటి కావు. అందుకే ఏళ్ల తరబడి పోల్చేటప్పుడు జిల్లా పేరు వదిలేసి యార్డు పేరుతో కలపండి. ఎక్సెల్ అమెరికా సెట్టింగులో ఉంటే జూన్ 5 (05/06) కాస్తా మే 6 అవుతుంది. తేదీల గడిని టెక్స్ట్‌గా దిగుమతి చేసుకోండి.