పులికాట్‌లో పెద్ద పాంటూన్ ఎక్కాలా, చిన్నదా?

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు రోడ్డు బాగుంది. అక్కడ గది 1,400 రూపాయలు, శుభ్రంగానే ఉంది. చెప్పాల్సిందల్లా బోటు దగ్గర జరిగిన మోసం గురించే.

సరస్సు ఒడ్డున ఒక ప్రైవేటు నిర్వాహకుడి దగ్గర రెండు పాంటూన్ బోట్లున్నాయి, అంటే గొట్టాల మీద తేలే చదునైన బోట్లు. ఇరవై సీట్ల పెద్దదానికి మనిషికి 250. ఎనిమిది సీట్ల చిన్నదానికి మొత్తం కలిపి గంటకు 1,600. మా ఏడుగురికి లెక్కేస్తే పెద్దదానికి 1,750 అవుతుంది, అంటే చిన్నదే చవక. అయినా ‘పెద్దదైతే కుదుపుండదు సార్, ఫ్లెమింగోల పక్కకే పోతుంది’ అని దానికే టికెట్లు చింపారు. సీట్లు నిండేదాకా ముప్పావుగంట ఎండలో కూర్చోబెట్టారు. బయల్దేరిన కాసేపటికే మోటారు బురద తవ్వడం మొదలైంది, బోటు వెనక్కి తిప్పేశారు. డబ్బు అడిగితే ‘నీళ్లు తగ్గితే మేమేం చేస్తాం’ అన్నారు. పులికాట్ సగటు లోతే మీటరు అటూ ఇటూ. ఆ సంగతి టికెట్ అమ్మేవాళ్లకు తెలియదా? మా అత్తగారు తిరుగుదారి పొడవునా ఎవరితోనూ మాట్లాడలేదు.

అసలు ఫ్లెమింగోల పక్కకు ఏ బోటూ పోదు. అవి పొడుగుకాళ్లతో నిలబడి మేసే చోట నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. పక్షుల కోసమే వస్తే అక్టోబరు, మార్చి మధ్య సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా పోయే రోడ్డు పక్కన బైనాక్యులర్స్‌తో నిలబడండి. పైసా ఖర్చు లేదు.

నీటి మీద తిరగాలనుకుంటే మాత్రం పులికాట్‌కు చిన్నదే సరి. పాంటూన్ తేలేది మనం కూర్చునే చెక్క కింద ఉండే అల్యూమినియం గొట్టాల మీద. అవి మునిగేది అడుగు, అడుగున్నర. నేలకు తగిలేది గొట్టాలు కాదు, వాటికంటే కిందకు దిగి ఉండే ప్రొపెల్లరు. చిన్నదానికి 20, 25 హార్స్‌పవర్ మోటారు చాలు. లోతు తగ్గితే దాన్ని చేత్తో పైకి లేపి గెడతో తోసుకుంటూ బయటపడొచ్చు. ఇరవై మంది బరువున్న బోటు ఒకసారి బురదలో కూర్చుంటే గెడకు కదలదు. గాలి సంగతీ అంతే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక పెద్దదాని పైకప్పు తెరచాపలా పనిచేసి బోటును పక్కకు, వలలు కట్టిన కర్రల మీదకు నెడుతుంది. ప్రొపెల్లరుకు వల చుట్టుకుంటే మీ గంట అక్కడే అయిపోతుంది. చిన్నదానికీ పైకప్పు ఉంటుంది గానీ, గాలికి దొరికే మేర తక్కువ.

పెద్దది మంచిది కాదని కాదు. లోతున్న జలాశయంలో, పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు అదే ఎక్కాలి. పొడవు ఎక్కువ కాబట్టి చిన్న అలలకు ఊగదు, ఒకరిద్దరు లేచి నడిచినా ఒరగదు. చిన్నదానిలో ఫొటో కోసం అందరూ ఒకేవైపు చేరితే ఆ వైపు గొట్టం దిగిపోతుంది. ముందు కొసకు గుమిగూడితే నీళ్లు చెక్క మీదకే వస్తాయి. ఎనిమిది సీట్లంటే ఎనిమిది మందే. ఒడిలో పిల్లాడూ లెక్కే.

ఏది ఎక్కినా డబ్బు కట్టే ముందు ఖాళీ బోటును వెనకనుంచి చూడండి. ఒక పక్క దిగి ఉంటే ఆ గొట్టంలోకి నీళ్లు చేరినట్టే, ఎక్కొద్దు. ఉప్పునీళ్లలో అతుకుల దగ్గర అల్యూమినియం తెల్లటి పొడి రాలుతూ గుంటలు పడుతుంది, ముందు అక్కడే కారుతుంది. మోటారు వేశాక దాని వెనక నుంచి సన్నటి నీటిధార రావాలి. మోటారును చల్లబరిచే నీళ్లవి. లోతు లేని చోట బురద పీల్చుకుంటే ఆ ధార ఆగిపోతుంది. అప్పుడు వెంటనే మోటారు ఆపమనండి, లేదంటే వేడెక్కి నడి సరస్సులో ఆగిపోతుంది. లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయో లేదో లెక్కపెట్టి, పట్టీలు పెట్టి బిగించి చూడండి. మాకిచ్చిన వాటిలో మూడింటికి క్లిప్పులే లేవు. పిల్లల సైజు జాకెట్ లేకపోతే పిల్లల్ని ఎక్కించకండి.

టికెట్ కొనే ముందు ఇంకో మాట అడగండి: మధ్యలో తిప్పేస్తే సగం డబ్బు వెనక్కిస్తారా? ‘ఇస్తాం’ అంటే టికెట్ వెనకాల రాయించుకోండి. పొద్దున తొమ్మిదిలోపే బయల్దేరండి, అప్పటికి గాలి ఇంకా అంత లేవదు.